సారా మాన్పించినామె కొడుకు

ఏటా నవంబర్‌లో అయ్యప్ప మాల వేసేవాణ్ణి. 41 రోజులు చుక్క ముట్టేవాణ్ణి కాదు. శబరిమల నుంచి తిరిగొచ్చి గుళ్లో మాల తీసిన రోజు సాయంత్రం మాత్రం మా బ్యాచ్‌లో నలుగురం కావలి దగ్గర హైవే పక్కన డాబాలో కూర్చునేవాళ్లం. "నలభై ఒక్క రోజులు ఉండగలిగినోడు తాగుబోతు ఎట్టవుతాడబ్బా?" అని ఒకసారి మాలో ఒకడు గ్లాసు పైకెత్తి అడిగాడు. ఆ ప్రశ్నను నేను పదేళ్లు వాడుకున్నాను. ఇంట్లో ఎవరేమన్నా అదే నా జవాబు.

2022లో మాల వేసిన మూడో రోజు, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానానికి వెళ్లి చెంబు పట్టుకోలేకపోయాను. చలికి అనుకున్నాను. పూజ దగ్గర కూర్చుంటే పీఠం మీద ఎర్రచీమలు బారులు తీరి నా మోకాళ్ల మీదికి వస్తున్నాయి. దులుపుకుంటున్నాను. పక్కనున్న స్వామి "ఏం దులుపుతుండావు స్వామీ?" అని అడిగాడు. చీమలు అన్నాను. అక్కడ చీమల్లేవు. ఆ తర్వాతిది నాకు గుర్తు లేదు. ఫిట్స్ వచ్చి పడ్డానని, నాలుక కొరుక్కున్నానని, నల్ల పంచెతోనే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారని మా ఆవిడ చెప్పింది. మాల అక్కడే నర్సు తీసిందట. ఆ మాల ఇప్పుడెక్కడుందో తెలియదు.

నాది నెల్లూరు జిల్లా, కలిగిరి వైపు పల్లె. దూబగుంట మాకు దగ్గరే. సారా వ్యతిరేక ఉద్యమం గురించి చదివినవాళ్లకు ఆ పేరు తెలిసే ఉంటుంది. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు, పాఠంలో తాగుబోతు మొగుడి కథ చదివి, ఇది మన కథే కదా అని లేచి సారా అంగళ్ల మీదికి వెళ్లారు. 1992లో అది జిల్లా అంతా అంటుకుంది. సారా వేలం పాటలు జరగనివ్వలేదు. దూబగుంట రోశమ్మ పేరు పేపర్లలో వచ్చింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1994 డిసెంబర్‌లో ఎన్టీఆర్ మొదటి సంతకం మద్యనిషేధం ఫైలు మీదే పెట్టారు. 1997లో ఆ నిషేధం ఎత్తేశారనుకోండి, అది వేరే కథ.

1992లో నాకు తొమ్మిదేళ్లు. మా ఊళ్లో చీపురు, కారప్పొడి పట్టుకుని సారా ప్యాకెట్ల జీపుకి అడ్డం పడ్డ ఆడవాళ్లలో మా అమ్మ ఉంది. ప్యాకెట్లు రోడ్డు మీద పోసి కాల్చినప్పుడు లేచిన నీలం మంట నాకింకా గుర్తుంది. మా నాయన అప్పటికే బాగా ముదిరిపోయాడు. 1994లో కడుపు ఉబ్బి పోయాడు. అప్పట్నుంచి ఊళ్లో మా అమ్మ 'సారా మాన్పించినామె'. నేను ఆమె కొడుకుని. బళ్లో, చుట్టాలిళ్లలో ఆ పేరుతోనే నన్ను పిలిచి పీట వేసేవాళ్లు.

నెల్లూరులో రొయ్యల మేత డీలరు దగ్గర లెక్కలు రాసే పని దొరికాక తాగడం మొదలైంది. రొయ్యల గుంటల మీద రైతులతో సాయంత్రాలు, రొయ్యలు పట్టిన రోజున పార్టీలు, రేటు పడిపోయిన రోజున ఓదార్పులు. మొదట్లో నైంటీ, తర్వాత క్వార్టర్, తర్వాత లెక్క రాయడం మానేశాను. బాకీ రైతుల్ని గట్టిగా అడగాలంటే ధైర్యానికి ఒకటి వేసుకునేవాణ్ణి. 2020 లాక్‌డౌన్‌లో మార్చి చివర్నుంచి మే 4 దాకా షాపులు మూసినప్పుడు చేతులు వణకడం మొదటిసారి చూశాను. బెల్టు షాపు వాడికి అయిదింతలు ఇచ్చి ఆ వణుకు ఆపుకున్నాను. ఆ జూలై చివర్లో మా పక్క జిల్లా ప్రకాశంలో, కురిచేడులో, శానిటైజర్ తాగి పదిమందికి పైగా పోయారు. పేపరు చదివి "ఛీ, ఏం మనుషులు" అన్నాను. అన్నప్పుడు నా చేతిలో గ్లాసుంది.

అన్న సంగతి ఇక్కడే చెప్పాలి. చెప్పడానికి నాకు మూడేళ్లు పట్టింది కాబట్టి ఇక్కడ కూడా త్వరగా రావడం లేదు.

మా అన్న ఆర్టీసీలో కండక్టర్. నాయన పోయాక నన్ను చదివించింది ఆయనే. 2021 మే నెలలో, రెండో వేవ్‌లో, ఆయనకు కోవిడ్ వచ్చింది. ఇంట్లోనే ఉన్నాడు. రాత్రి ఆక్సిజన్ పడిపోయింది. మా ఓనరు వ్యాను తాళాలు నా దగ్గరే ఉంటాయని ఆయనకు తెలుసు. ఒంటిగంట పదికి, ఇరవై అయిదుకి, నలభైకి, మూడుసార్లు నాకు ఫోన్ చేశాడు. నేను తాగి పడుకుని ఉన్నాను. రింగ్ వినబడిందో లేదో కూడా చెప్పలేను. ఒకసారి విని తిప్పి పెట్టానేమో అనే అనుమానం నన్ను తిన్నంతగా ఇంకేదీ తినలేదు. తెల్లారాక పక్కింటాయన ఆటోలో తీసుకెళ్లాడు. మూడో రోజు అన్న పోయాడు. ఊపిరితిత్తులు అప్పటికే బాగా పాడయ్యాయని, రాత్రే వచ్చినా చెప్పలేమని డాక్టరు అన్నాడు. "ఫోన్‌లో ఛార్జింగ్ లేదు, ఆగిపోయింది" అని నేను అందరికీ చెప్పాను. వదినకీ అదే చెప్పాను.

ఆ తర్వాత ఏడాదిన్నర గురించి చెప్పేదేం లేదు, పొద్దున్నే మొదలయ్యేది. మధ్యలో ఒకసారి మా బావ ఇద్దరు మనుషుల్ని తెచ్చి నన్ను కారులో కూర్చోబెట్టి ఒక ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్‌లో పడేశాడు. ఆయన మంచికే చేశాడు. ఆ సెంటర్ ఊరూ పేరూ చెప్పను. ఫోన్ లాక్కున్నారు, గదికి బయట తాళం, డాక్టరు వారానికోసారి గుమ్మంలో నిలబడి వెళ్లిపోయేవాడు, ఎదురు చెబితే కొట్టేవాళ్లు. 45 రోజుల తర్వాత బయటికొచ్చి మొదట చేసిన పని వైన్ షాపుకి వెళ్లడం. తాగుడు కూడా మానసిక ఆరోగ్య చట్టం కిందికే వస్తుందని, 2017 నాటి ఆ చట్టం ప్రకారం రోగిని కొట్టడానికి, ఒంటరిగా గదిలో పెట్టి తాళం వేయడానికి వీల్లేదని నాకు చాలా తర్వాత తెలిసింది. ఎవరినైనా ఎక్కడైనా చేర్పించే ముందు లోపలికి వెళ్లి చూసి రండి. చూడనివ్వకపోతే చేర్పించకండి.

మళ్లీ 2022కి వస్తాను. ఫిట్స్ వచ్చాక ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాను. మొదటి మూడు రోజులు నన్ను మంచానికి పట్టుకుని ఉండాల్సి వచ్చిందట. అన్న గది మూల నిలబడి టికెట్లు కొడుతున్నట్టు కనిపించాడు. తెలివి వచ్చాక సైకియాట్రిస్టు నా పక్కన స్టూలేసుకుని కూర్చుంది. చిన్నావిడ, నాకంటే పదేళ్లు తక్కువే ఉంటుంది. "మందు రోజూ మీ మెదడుకి బ్రేకు వేస్తుంటే, మెదడు దాన్ని తట్టుకోడానికి ఆక్సిలరేటర్ తొక్కి పెట్టుకుని ఉంటుంది. మీరు ఒక్కసారి బ్రేకు తీసేశారు" అంది. ఆపిన మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య ఈ చీమలు, మనుషులు కనిపించడం రావచ్చని, పట్టించుకోకపోతే ప్రాణం పోవచ్చని చెప్పింది. రోజూ బాగా తాగేవాడు ఇంట్లో పట్టుదలకు పోయి ఒక్కసారిగా మానేయడం ధైర్యం కాదు, ప్రమాదం అంది. నేను పదేళ్లు గర్వంగా చెప్పుకున్న దీక్ష గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

గ్లూకోజ్ పెట్టే ముందే బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. బాగా తాగేవాళ్ల ఒంట్లో అది తగ్గిపోతుందట. అది లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినొచ్చట. వణుక్కి లోరాజెపామ్ ఇచ్చి రోజురోజుకీ తగ్గించుకుంటూ వచ్చారు. కామెర్లు ఎంతున్నాయో చెప్పే బిలిరుబిన్ 1.2 లోపు ఉండాలి, నాకు 7 దాటింది. కళ్లు పసుపు.

డిశ్చార్జి రోజున మా ఆవిడ చాలాసేపు తటపటాయించి, చీర కొంగులోంచి చిన్న కాగితం పొట్లం తీసి డాక్టరు ముందు పెట్టింది. 'తాగేవారికి తెలియకుండా మాన్పించే మందు'. గోడల మీద, కరెంటు స్తంభాల మీద మీరూ చూసుంటారు. మూడు వేలు పెట్టి కొని, రెండుసార్లు నా టీలో కలిపిందట. డాక్టరు పొట్లాన్ని తిప్పి చూసింది. లేబుల్ లేదు. "ఇలాంటివాటిలో కొన్నిట్లో డైసల్ఫిరామ్ ఉంటుంది. అది వేసుకున్నాక మనిషి తాగితే గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. తెలిసి, ఒప్పుకుని వేసుకునేవాడికి అది మందు. తెలియనివాడికి విషం" అంది. ఆ మందు సరిగ్గా వాడినా నా లివర్‌కి పనికిరాదని, తాగాలనే యావ తగ్గడానికి బాక్లోఫెన్ అనే మాత్ర రాసింది. మా ఆవిడ ఏడ్చింది. నాకు కోపం రాలేదు. నన్ను చంపేంత విసిగించానా అనుకున్నానే తప్ప.

అక్కడ ఇంకో పేషెంటు చెప్పాడు, ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగ్ గురించి. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు, ఒక షేర్ల వ్యాపారి, ఒక డాక్టరు, ఒకరికొకరు చెప్పుకోడంతో మొదలైందట. ఫీజు లేదు, చేరడానికి ఫారం లేదు, తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. నేను వెళ్లింది ఒక స్కూలు గది. చిన్నపిల్లల బెంచీల మీద మోకాళ్లు ఇరికించుకుని పదిహేనుమంది మగవాళ్లు. టీచర్లున్నారు, హమాలీ ఉన్నాడు, ఒక రిటైర్డ్ పోలీసాయన ఉన్నాడు. ఒక్కొక్కరే లేచి "నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెట్టేవాళ్లు. నా వంతొస్తే నమస్కారం పెట్టి కూర్చునేవాణ్ణి. అలా అయిదు మీటింగులు. ఆరో మీటింగ్‌లో లేచాను. పేరు చెప్పాను. రెండో ముక్క రాలేదు. 'సారా మాన్పించినామె కొడుకు' నోరు పట్టేశాడు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ అందించలేదు కూడా. నిమిషంపైనే నిలబడ్డానేమో. చివరికి చెప్పి కూర్చున్నాను. టీ ఇచ్చారు. చక్కెర ఎక్కువేసిన టీ. మానేసినవాళ్లకి తీపి మీద మనసు పోతుంది, ఆ గదిలో టీ ఎప్పుడూ అలాగే ఉంటుంది.

అన్న ఫోన్ల సంగతి మాత్రం అక్కడా చెప్పలేదు.

అయిదున్నర నెలలు బాగానే ఉన్నాను. 2023 మేలో అన్న తద్దినానికి వదిన ఇంటికెళ్లి, భోజనాలయ్యాక గోడ మీద ఫోటో ఎదురుగా కూర్చుని ఉంటే, వదిన ఎవరితోనో "పాపం, ఆ రాత్రి వీళ్ల ఫోన్ ఆగిపోయిందంట" అనడం వినబడింది. ఆ సాయంత్రమే తాగాను. ఒక్కటే అనుకున్నది రెండు వారాలు సాగింది. ప్రతిసారీ మానినప్పుడు వచ్చే వణుకు ముందుసారి కంటే గట్టిగా వస్తుందని డాక్టరు హెచ్చరించే ఉంది. నిజమే. కానీ ఈసారి వణుకు కంటే భయంకరమైంది ఇంకొకటి వచ్చింది. తెల్లవారుజామున మూడింటికి, చచ్చిపోతే ఎంత తేలికో అన్న ఆలోచన, చాలా ప్రశాంతంగా, లెక్క సరిచూసుకున్నట్టు వచ్చింది.

మీటింగ్‌లో గోడకి అంటించిన కాగితం మీద 14416 అని ఉండేది. టెలిమానస్, 2022 అక్టోబర్‌లో మొదలైన ప్రభుత్వ ఫోన్ లైన్. ఏ వేళలోనైనా, డబ్బుల్లేకుండా, తెలుగులో మాట్లాడతారు. చేశాను. చచ్చిపోవాలని ఉందని మొదటిసారి పైకి అన్నాను. అవతల ఆవిడ కంగారు పడలేదు, నీతులు చెప్పలేదు. చావడానికి ఏదైనా దగ్గర పెట్టుకున్నారా అని సూటిగా అడిగింది. తర్వాత, "ఇంట్లో మెలకువగా ఉండేవాళ్లెవరండీ?" అంది. మా అమ్మకి మూడింటికే మెలకువ వస్తుంది. "ఫోన్ పెట్టకుండానే లేచి ఆమె దగ్గరికి వెళ్లండి" అంది.

అమ్మ వరండాలో నవారు మంచం మీద కూర్చుని ఉంది. నేను ఫోన్ పట్టుకుని కింద కూర్చున్నాను. తాగానని చెప్పాను. చావాలనుందని చెప్పాను. అన్న మూడుసార్లు ఫోన్ చేశాడని, ఛార్జింగ్ ఉందని చెప్పాను. ఆమె చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, ఇలా అంది:

"అబ్బయ్యా, నేను కలెక్టరు ముందర నిలబడి మాట్లాడినానని ఊరంతా చెప్పుకుంటారే, నేను మాట్లాడలేదురా. నాకు నోరు రాలే. మాట్లాడినామె పక్కన నిలబడి ఆమె చెయ్యి పట్టుకోనుండాను, అంతే. సారా అంగడికాడ అరిచినాను గానీ, ఇంట్లో మీ నాయనకి ఒక్కనాడు కూడా తాగొద్దని చెప్పలే. భయం."

నలభయ్యేళ్లు వచ్చాక ఆ మాట విన్నాను. ఆమె కాళ్ల దగ్గర కూర్చున్న నా భుజం మీద చెయ్యేసింది. అన్న గురించి ఏమీ అనలేదు. తెల్లారాక నాతో పాటు ఆసుపత్రికి వచ్చింది, చెప్పులు మర్చిపోయి.

మా వైపు సైకియాట్రీ అంటే 'కీల్పాక్' అంటారు, చెన్నైలో పిచ్చాసుపత్రి ఉన్న చోటు పేరది, హైదరాబాద్‌లో 'ఎర్రగడ్డ' అన్నట్టు. ఆ మాట భయానికే, మొదటిసారి డాక్టరు డిప్రెషన్ గురించి అడిగితే అంతా బాగుందని చెప్పాను. ఈసారి చెప్పేశాను. తాగుడు వల్ల వచ్చే దిగులు మానిన మూడు నాలుగు వారాల్లో చాలామందిలో తగ్గుతుందట. నాకు నెల దాటినా తగ్గలేదు. డిప్రెషన్‌కి సెర్ట్రలిన్ అనే మాత్ర మొదలుపెట్టింది. మొదటి పది రోజులు వికారం, నిద్రపట్టకపోవడం తప్ప ఏమీ లేదు. వేళాకోళమా ఇది అనుకున్నాను. నాలుగో వారంలో ఒకరోజు పొద్దున చేపల పులుసు వాసనకి ఆకలేసింది. మా ఆవిడ ఇంకొంచెం వేయనా అంటే వేయమన్నాను. అంతే, చెప్పుకోడానికి అంతకంటే ఏం లేదు. ఏడాదిన్నర వాడాక డాక్టరే మెల్లగా తగ్గించి ఆపింది.

మీటింగ్‌లో నాకు పెద్దదిక్కుగా ఉన్నాయన, వాళ్ల మాటలో స్పాన్సర్, ఆ రిటైర్డ్ పోలీసాయనే. వదినకి చెప్పేస్తానని నేను ఎగిరితే ఆయన ఆపాడు. మనవల్ల నష్టపోయినవాళ్లకి సరిదిద్దుకోవాలనేది పన్నెండు మెట్లలో తొమ్మిదోది, కానీ చెప్పడం వల్ల వాళ్లకే గాయమయ్యేట్టయితే చెప్పొద్దని అందులోనే ఉంది. "నీ బరువు దించుకోడానికి ఆమె నెత్తిన పెడతావా? ఆగు" అన్నాడు. ఏడాది ఆగాను. ఆ ఏడాదిలో వదిన వాళ్లకి గ్యాస్ బండ మార్చడం, అన్న పెన్షన్ కాగితాల కోసం డిపో చుట్టూ తిరగడం, పిల్లవాడికి లెక్కలు చెప్పడం చేశాను. తాగకుండా ఉన్నవాడికి సాయంత్రాలు చాలా పొడుగ్గా ఉంటాయి లెండి.

2024 జూన్‌లో ఒక ఆదివారం చెప్పాను. వదిన చింతపండు పిక్కలు తీస్తోంది. నేను గుమ్మం దగ్గర నేలమీద కూర్చున్నాను. "వదినా, ఆ రాత్రి నా ఫోన్ ఆగిపోలేదు" అన్నాను. మిగతాదీ చెప్పాను. తాగి ఉన్నానని, ఒకసారి రింగ్ విన్నానేమో తెలియదని.

ఆమె చేతులు ఆగలేదు. పిక్కలు తీస్తూనే ఉంది.

"తెలుసు. మీ అన్న ఫోన్ నా దగ్గరే ఉంది కదా" అంది. "మూడుసార్లూ రింగయింది నాకు వినబడింది. ఆగిపోయిన ఫోన్ రింగవదు కదా."

మరి తద్దినం రోజు అలా ఎందుకన్నావని నేనడగలేదు. ఆమె చెప్పలేదు. క్షమించానని అనలేదు, పొమ్మని కూడా అనలేదు. పిక్కలు ఒక చేటలోకి, పండు ఒక డబ్బాలోకి వేసి, లేచి చేతులు కడుక్కుని వచ్చింది.

"వీడికి రేపట్నుంచి కాలేజీ. ఆరుకి బస్టాండ్‌లో ఉండాలంట. దించగలవా?"

దించుతానన్నాను. నాలుగున్నరకే వెళ్లి వాళ్ల గేటు దగ్గర బండి మీద కూర్చున్నాను. ఫోన్ జేబులో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని.